టెన్షన్ పెట్టుకోకు అనే ముందు అతని కొలువేందో అడగండి

బీపీ అని తేలగానే మన దగ్గర అందరూ చెప్పేది ఒకటే: ఉప్పు తగ్గించు, పొద్దున నడువు, టెన్షన్ పెట్టుకోకు. మొదటి రెండూ సరే. మూడో మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. జీతం ఎప్పుడు పడుతుందో తెలియని మనిషి, రేపటి నుంచి రావద్దంటే ఎవరిని అడగాలో తెలియని మనిషి టెన్షన్ లేకుండా ఎట్లా ఉంటాడు?

భూపాలపల్లిలోనే చూడండి. పర్మినెంట్ కార్మికుడూ, కాంట్రాక్టు కార్మికుడూ పీల్చేది ఒకే బొగ్గు దుమ్ము. 2024లో సింగరేణి లాభాల వాటా ప్రకటిస్తే పర్మినెంట్ వాళ్లకు సగటున లక్షా 90 వేలు వచ్చింది. కాంట్రాక్టు వాళ్లకు మొదటిసారి బోనస్ ఇచ్చారు, తలా 5 వేలు. అసలు ఇయ్యకపోవడం కంటే నయమే, కాదనను. కానీ ఆ దసరాకు ఒకే వాడలో పక్కపక్క ఇళ్ల పిల్లలు ఏం బట్టలు కట్టుకున్నారో ఆ కాంట్రాక్టు కార్మికునికి కనబడుతుంది కదా. ఆ బాధ ఒంటికి పట్టదా?

పడుతుంది. లండన్‌లో 1967లో వైట్‌హాల్ పరిశోధన మొదలైంది; దాని లెక్కలను తర్వాత మైకేల్ మార్మట్ అనే వైద్య పరిశోధకుడు, ఇంకొందరు విశ్లేషించారు. దాదాపు 18 వేల మంది మగ ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. ఎవరూ ఆకలితో ఉన్నవాళ్లు కాదు, అందరికీ ఉచిత వైద్యం ఉంది. అయినా అట్టడుగు హోదాలో ఉన్నవాళ్ల మరణాల రేటు పై అధికారుల కంటే దాదాపు మూడు రెట్లు. నన్ను ఆపేసిన విషయం ఇంకోటి. పైనుంచి రెండో మెట్టు మీద ఉన్నవాళ్లు కూడా మొదటి మెట్టు వాళ్లకంటే ఎక్కువగా చనిపోయారు. వాళ్లను బీదవాళ్లని ఎవరంటారు?

సిగరెట్లు, తిండి అలవాట్ల వల్లే అంటారు కొందరు. అవీ ఉన్నాయి. కానీ సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ లాంటివన్నీ కలిపి లెక్కేసినా గుండెజబ్బు మరణాల్లో ఆ తేడాలో సుమారు మూడో వంతుకే కారణం దొరికింది. తర్వాత 1985లో ఆడవాళ్లను కూడా చేర్చి మళ్లీ మొదలుపెట్టారు. తన పని మీద తనకు మాట చెల్లని ఉద్యోగుల్లో గుండెజబ్బు ఎక్కువని అందులో కనబడింది. భయం పూటకు వచ్చి పోతే ఒళ్లు తట్టుకుంటుంది. నెలల తరబడి అట్లనే ఉంటే కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోను దిగకపోవచ్చు, బీపీ, షుగర్ వచ్చే ముప్పు పెరుగుతుంది.

అందుకే ఏడాదికోసారి హెల్త్ క్యాంపు పెట్టి, బీపీ చూసి, గోలీలు చేతిలో పెట్టి పంపితే సరిపోదంటున్నాను. వచ్చే నెల షిఫ్టులు ఈ నెలే గోడకు అంటించండి. జీతం చెప్పిన తారీఖున వేయండి. బిడ్డకు జ్వరమొస్తే లీవు కోసం సూపర్‌వైజర్ ముందు చేతులు కట్టుకొని నిలబడే పద్ధతి తీసేయండి. ఒకే పనికి ఒకే కూలి ఇయ్యండి. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం ఉండాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది.