నల్లగొండ రాయికి తొందరేం లేదు

డాక్టర్ మూడు పనులు చేయమంటాడు. మోకాళ్లు వంచకుండా కిందికి వంగి కాలి వేళ్లు ముట్టుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. రెండు చేతులూ తల వెనక పెట్టుకోవాలి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుని, ఎక్స్‌రే మిషన్ లేని ఊళ్లో అనుమానించడానికి వాడే పరీక్ష ఇది. పదేళ్ల పిల్లాడు ఆటలాగా చేసేస్తాడు. అదే బోరు నీళ్లు తాగుతూ నలభై దాటిన మనిషి వంగబోయి సగంలో ఆగిపోతాడు. వాళ్లిద్దరికీ మధ్య ఉన్నది ఒక రసాయన చర్య. దానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఇన్నేళ్లలో ఏ ఒక్క రోజూ అది జరుగుతున్నట్టు ఎవరికీ కనపడలేదు.

కాగితం మీద రాస్తే ఆ చర్య ఒక్క లైనే. మన ఎముకల్లో, పళ్లలో ఉండే ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్. అందులో హైడ్రాక్సైడ్ కూర్చున్న చోటికి ఫ్లోరైడ్ వచ్చి, దాన్ని లేపి తను కూర్చుంటుంది. ఇద్దరి సైజూ ఇంచుమించు ఒకటే, విద్యుత్ ఛార్జ్ కూడా ఒకటే, కాబట్టి సీటు చక్కగా సరిపోతుంది. వచ్చిన కొత్త ఖనిజం పాతదానంత తేలిగ్గా కరగదు. టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ కలిపేది ఈ గుణం కోసమే. కానీ ఏళ్ల తరబడి మోతాదు మించితే ఎముక మందమవుతుంది గానీ పెళుసుగా తయారవుతుంది. కీళ్ల చుట్టూ ఎముకల్ని కట్టిపట్టే లిగమెంట్లలో కాల్షియం పేరుకుని బిగుసుకుపోతాయి. వెన్ను వంగనిది అందుకే. పెద్దవాళ్లలో ఒంటికి పట్టిన ఫ్లోరైడ్‌లో దాదాపు సగం మూత్రంలో పోతుంది, మిగతా సగం ఎముకలో జమవుతుంది. రోజుకు కొన్ని మిల్లీగ్రాముల చొప్పున, చిట్‌ఫండ్ కట్టినట్టు.

పళ్ల సంగతి వేరు. గారపళ్లు, అంటే ఫ్లోరైడ్ వల్ల పంటి మీద పడే మచ్చలు, వచ్చేది చిన్నప్పుడే, పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతుండగానే. ఎనిమిదేళ్లు దాటాక ఎంత ఫ్లోరైడ్ తాగినా పంటి మీద కొత్తగా ఆ మచ్చ రాదు. వచ్చిన మచ్చ, తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా పోదు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు అక్కడే మొదలవుతుంది.

ఇక రాయి. నల్లగొండ కింద ఉన్న గ్రానైట్‌ది సుమారు 250 కోట్ల ఏళ్ల వయసు. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంది. వాన నీళ్లు పగుళ్లలోకి దిగి, ఏళ్ల తరబడి రాయిని ఒరుసుకుంటూ దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తాయి. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ పెరగదు. ఆ రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుక్కి దిగిపోతాయి. కానీ ఇది వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేల. నీళ్లు ఆవిరైపోతూ క్షారగుణం పెరిగేకొద్దీ కాల్షియం తెల్లటి సున్నపు గడ్డలుగా మట్టిలోనే మిగిలిపోతుంది. ఇక ఫ్లోరైడ్‌ను పట్టి ఆపేవాడు లేడు. రుచిలో తేడా రాదు, వాసన రాదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మేలని, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. బోర్లు వచ్చాక మనం ఇంకా లోతుకి, రాతితో ఇంకా ఎక్కువ కాలం కాపురం చేసిన నీటి దాకా వెళ్లాం.

ఈ నెమ్మదిని కొలవడం కూడా అంత తేలిక కాదు. అమెరికాలోని జార్జియాలో పనోలా గ్రానైట్ అని ఒకటుంది. వైట్, బ్రాంట్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాని పొడిని గొట్టాల్లో నింపి, ఆరేళ్లకు పైగా నీళ్లు పారించి, ఎంత కరుగుతోందో చూశారు. 2003లో ఫలితాలు అచ్చేశారు. తాజాగా పగలగొట్టిన రాయి, భూమిలో నాని నాని ఉన్న రాయి కన్నా చాలా వేగంగా కరిగింది. అది కొండలో ఉన్న రాయిలా నెమ్మదించాలంటే ఇంకా కొన్ని వేల ఏళ్లు పడుతుందని వాళ్ల లెక్క. ఆరేళ్ల ప్రయోగమంటేనే మన దగ్గర సాహసం. మూడేళ్ల ప్రాజెక్టుకి రెండో ఏడే రిపోర్టు ఎక్కడ అని అడుగుతారు.

మన ఫ్లోరైడ్ కథకి కూడా చాలా వయసుంది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించారు. మనుషుల కన్నా ముందు దుక్కిటెద్దులు నడవలేక కుంటుతుంటే రైతులు పసిగట్టారని చెబుతారు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ‘నల్లగొండ టెక్నిక్’ తయారుచేసింది. బకెట్ నీళ్లలో పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ వేసి మెల్లగా కలిపి, ఒక గంట కదపకుండా వదిలేస్తే, తెల్లటి తెట్టు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి చేరుతుంది. పైనున్న నీళ్లు తాగొచ్చు. పద్ధతి నిజంగా బాగుంది. కాకపోతే రోజూ చేయాలి, ఏళ్ల తరబడి చేయాలి. పైగా ఆ తెట్టును పెరట్లో పారబోస్తే ఫ్లోరైడ్ మళ్లీ ఆ నేలలోకే పోతుంది. 1996లో నల్లగొండ లోక్‌సభ సీటుకి 480 మంది పోటీకి దిగారు. నీళ్ల కోసం చేసిన నిరసన అది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత కావడంతో పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ లేచింది. కృష్ణా నీళ్లు పైపుల్లో ఊళ్లకు వచ్చాయి. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నా అని ప్రకటించారు.

ఆ సున్నాను నేను ఎగతాళి చేయను. తరతరాల బాధకి అడ్డుకట్ట వేసిన పని అది. కానీ అది దేని లెక్క? నల్లాల లెక్క. రాయి తన పని ఆపలేదు, ఆపదు కూడా. బోరులో ఫ్లోరైడ్ అలాగే ఉంది. ఆ నీళ్లతో మడి తడుస్తోంది. మోటారు కాలిపోయో, పైపు పగిలో నాలుగు రోజులు నల్లా రాకపోతే జనం వెళ్లేది మళ్లీ ఆ బోరు దగ్గరికే. ఎముక కూడా మరిచిపోదు. శరీరం పాత ఎముకను కొంచెం కొంచెంగా తీసేసి కొత్తది కట్టుకుంటుంది, ఒంట్లోని అస్థిపంజరం మొత్తం మారడానికి సుమారు పదేళ్లు. ఆ తీసేసేటప్పుడు బయటికొచ్చిన ఫ్లోరైడ్‌లో కొంత తిరిగి కొత్త ఎముకలోకే చేరుతుంది. అంటే 2016లో నీళ్లు మారిన యాభై ఏళ్ల మనిషి ఒంట్లో పాత బాకీ ఇంకా తీరలేదు. సమస్య అయిపోయిందని ఆ మనిషిని పరీక్షల జాబితాలోంచి, సాయం జాబితాలోంచి తీసేస్తే, నీళ్లు మారిన తారీఖునే జబ్బు నయమైన తారీఖుగా రాసుకున్నట్టు.

బోర్ల నీటిని ఏటా కొలవడం ఆపకూడదన్నది నా వాదన. తాగినా తాగకపోయినా కొలవాలి. ఐదేళ్ల ప్రభుత్వానికి ఇందులో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఒకే బోరు, ఒకే రిజిస్టరు, ముప్పై ఏళ్లకి ముప్పై అంకెలు. ఇలాంటి పనికి శిలాఫలకం ఎవరూ వేయరు.

2017లో పుట్టి నల్లా నీళ్లతోనే పెరిగిన అమ్మాయికి నలభై నిండేది 2057లో. నడుము వంగుతుందా లేదా అన్నది అప్పటిదాకా తేలదు. కానీ ఆమె పళ్ల కోసం అంతకాలం ఆగక్కర్లేదు. పైవరస ముందు పళ్లు ఏడెనిమిదేళ్లకే వస్తాయి, ఇప్పటికే వచ్చేసి ఉంటాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడలో గానీ, మునుగోడులో గానీ ఒక బడికి వెళ్లి, పిల్లల్ని కిటికీ దగ్గర వెలుతురులో వరసగా నిలబెట్టి నోరు తెరవమంటే చాలు. ఒక పూట పని.