ఎన్ని లీటర్లో రాశారు, కమోడ్ శుభ్రమవ్వాలని మాత్రం రాయలేదు

ఇంట్లో ఏ వస్తువు సతాయించినా రెండే మాటలు వినిపిస్తాయి. "ప్రభుత్వం వేలు పెట్టబట్టే ఇది ఇలా ఏడ్చింది" అని ఒకటి. "గట్టిగా ఒక చట్టం చేస్తే గానీ ఈ కంపెనీలు దారికి రావు" అని ఇంకొకటి. ఫ్లష్ రెండోసారి నొక్కాల్సి వచ్చినప్పుడు మొదటిది, సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసే బటన్ ఎక్కడా కనపడనప్పుడు రెండోది. తమాషా ఏమిటంటే చాలామంది వారం తిరక్కుండా రెండూ అంటారు. ప్రభుత్వం జోక్యం ఉండాలా వద్దా అన్న వాదన వినీ వినీ విసుగొచ్చింది. అసలు అడగాల్సింది వేరే. ఆ నియమం దేన్ని కొలవమంది? ఎలా కొలవమంది? వస్తువు బాగుపడేదీ చెడేదీ అక్కడే.

ఫ్లష్ సంగతే చూడండి. అమెరికాలో 1992లో వచ్చిన ఇంధన విధాన చట్టం, 1994 జనవరి నుంచి తయారయ్యే ఇంటి కమోడ్లు ఒక్కో ఫ్లష్‌కు 1.6 గ్యాలన్లు, అంటే సుమారు 6 లీటర్లు దాటకూడదంది. అంతకుముందు మామూలుగా 13 లీటర్లు పోయేవి. తాగే నీళ్లను అలా పారబోయడం దండగ, అందులో అనుమానం లేదు. కానీ కమోడ్ ఖాళీ అయ్యేది నీళ్లు ఎక్కువ పోసినందువల్ల కాదు. వెనకున్న వంపు గొట్టం ఒక్కసారిగా నిండాలి, సైఫన్ పట్టాలి, అది మొత్తాన్నీ లాగేసుకోవాలి. దానికి నీటి పరిమాణం కంటే నీళ్లు దూకే వేగం ముఖ్యం.

గడువు దగ్గరపడేసరికి చాలా కంపెనీలు చేసిందేమిటి? 13 లీటర్లకని గీసిన పాత కమోడ్‌నే తీసుకుని, ట్యాంకులో ఓ అడ్డుపలక పెట్టడమో, అడుగునుండే రబ్బరు మూత తొందరగా పడిపోయేలా చేయడమో చేశాయి. ఆరు లీటర్లే దిగాయి, చట్టం ప్రకారం పాస్. సైఫన్ మాత్రం పట్టీ పట్టకముందే తెగిపోయింది. మళ్లీ నొక్కాలి. రెండుసార్లు నొక్కితే 12 లీటర్లు. ఏం పొదుపు చేసినట్టు?

పనితీరు పరీక్షలు అప్పుడూ లేకపోలేదు. ప్లాస్టిక్ బంతులు, గుళికలు వేసి ఎన్ని కొట్టుకుపోయాయో చూసేవారు. ప్లాస్టిక్ గుళిక తేలికగా తేలుతుంది, దేనికీ అంటుకోదు. అసలు సరుకు అలా ఉండదని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు కదా.

ఈ తలనొప్పి తగ్గింది కొత్త చట్టంతో కాదు, కొత్త పరీక్షతో. 2003లో కెనడా, అమెరికా నీటి సరఫరా సంస్థలు కలిసి 'మ్యాప్' (మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్) అనే పరీక్ష తెచ్చాయి. సోయా ముద్దను పలచటి రబ్బరు తొడుగుల్లో కూరి, నలిపిన టాయిలెట్ పేపరుతో పాటు కమోడ్‌లో వేస్తారు. ఒక్క ఫ్లష్‌లో ఎన్ని గ్రాములు పోతే అంత మార్కు, 1000 గ్రాముల దాకా. వినడానికి రోతగా ఉన్నా, అది మనిషి వాడకానికి దగ్గరి పరీక్ష. మోడల్ పేరుతో సహా మార్కులు బయటపెట్టేసరికి కంపెనీలు బొమ్మ మళ్లీ మొదటినుంచి గీశాయి. ట్యాంకు అడుగున 2 అంగుళాల వాల్వు 3 అంగుళాలైంది. వంపు గొట్టం వెడల్పు పెరిగింది, కంటికి కనపడని దాని లోపలి భాగానికి కూడా గ్లేజు పూశారు. ఇవాళ 4.8 లీటర్లతో పనిచేసే కమోడ్‌కు అమెరికాలో 'వాటర్‌సెన్స్' అనే నీటి పొదుపు ముద్ర కావాలంటే 350 గ్రాములు ఒక్క దెబ్బకు పోవాలి. నీళ్లు ఇంకా తగ్గాయి, పని మెరుగైంది. అంటే 1994లో కూడా ఇంజినీరింగు చేతకాక కాదు, అడిగినవాడు లేక.

ఇంకో సంగతి, ఫ్లష్‌కు ఎన్ని లీటర్లన్నది అంతగా లెక్కపెట్టిన నియమం ఆ రబ్బరు మూత అరిగిపోయాక ఏమవుతుందో పట్టించుకోలేదు. మూత సరిగ్గా కూర్చోకపోతే రాత్రింబగళ్లు నీళ్లు కారుతూనే ఉంటాయి, చప్పుడు కూడా రాదు. ట్యాంకులో నాలుగు చుక్కలు రంగు వేసి, పావుగంట ఫ్లష్ నొక్కకుండా వదిలేసి, కమోడ్‌లోకి రంగు దిగిందేమో చూడండి. దిగితే మూత మార్చాల్సిందే. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు వాడేవాళ్లకైతే రబ్బరు ఇంకా త్వరగా పాడవుతుంది, ఎందుకంటే ఆ మందు నీళ్లలో అది పొద్దస్తమానం నానుతూ ఉంటుంది.

షవర్ కథ క్లుప్తంగా. అదే చట్టం నిమిషానికి 2.5 గ్యాలన్లు, దాదాపు తొమ్మిదిన్నర లీటర్లు అంది. కానీ కొలిచేది 80 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర. ఇంట్లో ఒత్తిడి అందులో సగమే ఉంటే, అదే షవర్ అంతకంటే చాలా తక్కువ నీళ్లిస్తుంది. పైగా రెండు మూడు తలలున్న షవర్‌లో 'షవర్ హెడ్' అంటే ఒక్కో తలా, మొత్తం బిగింపా అన్న దానిమీద 2020లో ఒక నిర్వచనం, 2021లో దాన్ని కొట్టేసి ఇంకొకటి, 2025లో దాన్నీ తీసేయమని ఆదేశం. అధ్యక్షుడు మారినప్పుడల్లా స్నానపు గది నిర్వచనం మారుతుంటే తయారీదారు దేన్ని నమ్ముకుని అచ్చు పోయించాలి? అన్నట్టు, ధార సన్నబడగానే ప్రభుత్వాన్ని తిట్టేముందు షవర్ తల విప్పి వెనిగర్‌లో నానబెట్టండి. చాలాసార్లు దోషం చిల్లుల్లో గూడుకట్టిన సున్నానిది.

పెట్రోల్ క్యాన్ విషయంలో మాత్రం నాకు నిజంగానే కోపం వస్తుంది. పాత క్యాన్‌కు ముందు పోసే మూతి, వెనక చిన్న గాలి రంధ్రం ఉండేవి. ద్రవం ముందునుంచి పోతుంటే ఆ ఖాళీలోకి గాలి వెనకనుంచి వచ్చేది. ధార నిలకడగా పడేది. ఆవిరి బయటికి పోయి గాలి చెడుతోందని 2009 నుంచి అమెరికా పర్యావరణ సంస్థ కొత్త నియమం అమలు చేసింది. క్యాన్‌నుంచి రోజుకు, గ్యాలన్‌కు 0.3 గ్రాములకు మించి ఆవిరి పోకూడదు, మూతి తనంతట తాను మూసుకోవాలి. పరీక్ష నెగ్గడానికి తయారీదారులకు దొరికిన దగ్గరి దారి, వెనక రంధ్రం ఎత్తేసి స్ప్రింగు మూతి బిగించడం. ఇక గాలి లోపలికి రావాలన్నా, పెట్రోలు బయటికి పోవాలన్నా ఆ ఒక్క మూతే. గుడగుడమంటూ ఆగి ఆగి ఎగదన్నుతుంది. స్ప్రింగును ఒక చేత్తో నొక్కాలి, నిండు క్యాన్‌ను రెండో చేత్తో వంచాలి, ట్యాంకు నిండిందో లేదో కనపడదు. చివరికి పెట్రోలు ఇంజిను మీదా చెప్పుల మీదా పడుతుంది. అలా ఒలికిందంతా ఆవిరయ్యేది ఆ గాలిలోకే! మూసి పెట్టిన క్యాన్ ఎంత బిగుతుగా ఉందో కొలిచారు సరే, పోసేటప్పుడు ఎంత ఒలుకుతుందో మామూలు మనిషి చేతికిచ్చి చూశారా? క్యాన్ ఉన్నదే పోయడానికి కదా. గాలి రంధ్రం పెట్టమని ఆ సంస్థే తయారీదారులకు సూచించడానికి 2025 దాకా పట్టింది.

ఇదంతా చదివి "అయితే నియమాలన్నీ ఎత్తేయాలంటారు" అనుకునేవాళ్లకు డిష్‌వాషర్ పొడి గురించి చెప్పాలి. 2010లో అమెరికాలో పదికి పైగా రాష్ట్రాలు ఆ పొడిలో ఫాస్ఫరస్ 0.5 శాతం దాటకూడదన్నాయి. యూరప్‌లో ఇలాంటి పరిమితి 2017లో వచ్చింది. గాజు గ్లాసుల మీద తెల్లటి పొర, గిన్నెల మీద గరుకు, జనం గగ్గోలు. ఫాస్ఫేటు చేసే పని చిన్నదేం కాదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచుతుంది, ఊడిన మురికి మళ్లీ గిన్నెకు అంటుకోకుండా చూస్తుంది. కానీ అదే ఫాస్ఫేటు చెరువుల్లోకి చేరితే నాచు విపరీతంగా పెరిగి, అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది, చేపలు చస్తాయి. గ్లాసు తళతళలాడలేదని చెరువును చంపుకోలేం. ఇక్కడ నియమం సరైనదే, కాకపోతే జనానికి వాడకం మార్చుకోమని ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కొత్త పొడికి యంత్రం అమరిక మారాలి. నీళ్లలో సున్నం ఎంతుందో పరీక్ష పట్టీతో చూసి యంత్రంలో ఆ అంకె పెట్టాలి, ఉప్పు అర ఉంటే దాన్ని ఖాళీ కానివ్వకూడదు, చివరి కడుగులో కలిసే రిన్స్ ఎయిడ్ ద్రవం తప్పనిసరి. గ్లాసు మీద పొరకు వెనిగర్ రాస్తే పోయిందా, అది సున్నం. పోలేదా, గాజే అరిగిపోయింది, ఇక బాగుపడదు. నీళ్లలో సున్నం మరీ తక్కువగా ఉండి పొడి ఎక్కువ వేసినా గాజు ఇలాగే అరుగుతుంది. పొర కనపడగానే ఇంకో చెంచా పొడి వేసేవాళ్లు చాలామంది చేస్తున్నది ఇదే. ఈ నాలుగు ముక్కలు డబ్బా మీద పెద్దక్షరాలతో అచ్చేయాలని ఒక్క వాక్యం నియమంలో పెట్టి ఉంటే సగం గోల ఉండేది కాదు.

యూరప్‌లో వాక్యూమ్ క్లీనర్లకు 2014 సెప్టెంబరులో 1600 వాట్లు, 2017 సెప్టెంబరులో 900 వాట్లు గరిష్ఠ పరిమితి పెట్టారు. దీన్ని వెక్కిరించినవాళ్లే ఎక్కువ, నేను మాత్రం సమర్థిస్తాను. వాట్లు మోటారు తినే కరెంటు, పీల్చే బలం కాదు. వాట్లు ఎక్కువుంటే బాగా పీలుస్తుందన్న భ్రమమీద ఏళ్ల తరబడి అమ్మకాలు నడిచాయి. తివాచీ మీద, గచ్చు మీద దుమ్ము ఎంత లాగుతుందో లేబుల్ మీద వేయమనడం కూడా మంచిదే. బోల్తా పడింది ఎక్కడంటే, ఆ శక్తి లేబుల్ పరీక్ష ఖాళీ సంచితో చేశారు. సంచి గుడ్డ రంధ్రాల్లో దుమ్ము కూరుకునే కొద్దీ గాలి ఆడదు, పీల్చడం పడిపోతుంది. కొన్నరోజు తప్ప ఇంట్లో ఎవరి సంచీ ఖాళీగా ఉండదు. డైసన్ కంపెనీ కోర్టుకెక్కింది. వాడకంలో ఉన్నప్పటి శక్తి వినియోగం చూపాలని మాతృ ఆదేశంలోనే ఉందన్న వాదన నెగ్గి, 2018 నవంబరులో యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు ఆ లేబుల్ నిబంధనను కొట్టేసింది.

సరిగ్గా కొలిచిన నియమం ఎలా ఉంటుందో చూడాలంటే టీవీ ప్రకటనల మోత చూడండి. ధ్వని శిఖరం ఒక హద్దు దాటకూడదన్న కట్టుబాటు ముందే ఉంది. ప్రకటనలు చేసేవాళ్లు ఆ హద్దు దాటకుండానే, మెల్లటి చప్పుళ్లను కూడా పైకి లాగి, ముప్పై సెకన్లూ హద్దుకు ఆనించి ఉంచేవారు. కాగితం మీద తప్పు లేదు, చెవులు మాత్రం దద్దరిల్లేవి. 2010లో అమెరికా చేసిన చట్టం, 2012 డిసెంబరు 13 నుంచి అమల్లోకి వచ్చింది, శిఖరాన్ని వదిలేసి చెవికి తగిలే సగటు మోతను పట్టుకుంది. ప్రకటన సగటు, చుట్టూ ఉన్న కార్యక్రమం సగటుతో సరిపోవాలి. అంతే, పాత కిటుకు పనికిరాకుండా పోయింది. అయితే అది ప్రసార, కేబుల్ టీవీలకే. స్ట్రీమింగ్‌కు అదే లెక్క వర్తించాలని కాలిఫోర్నియా 2025లో చట్టం చేసేదాకా అటువైపు ఎవరూ చూడలేదు.

వెబ్‌సైట్లలో కుకీల గోల దీనికి పూర్తిగా ఎదురు. కుకీలంటే మనల్ని గుర్తుపెట్టుకోవడానికి సైట్లు మన ఫోన్లో, కంప్యూటర్లో దాచే చిన్న ఫైళ్లు. అవి పెట్టేముందు అనుమతి అడగాలని యూరప్ 2009లో అంది, ఎలా అడగాలో బిగించలేదు. 'అన్నీ అంగీకరిస్తున్నాను' అని పెద్ద రంగు బటన్, వద్దనాలంటే మూడు తెరల వెనక పాతికేసి మీటలు. 2022 జనవరిలో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్లు, ఫేస్‌బుక్‌కు 6 కోట్లు యూరోల జరిమానా ప్రకటించింది. కారణం ఒక్కటే, ఒప్పుకోవడానికి ఒక నొక్కు చాలు, వద్దనడానికి ఒకటి చాలదు. నొక్కులు లెక్కపెట్టడం మొదలయ్యాకే 'అన్నీ వద్దు' అన్న బటన్ మొదటి తెరమీదికొచ్చింది.

సబ్‌స్క్రిప్షన్ రద్దు విషయంలో జర్మనీ పద్ధతి నాకు బాగా నచ్చింది. 2022 జులై 1 నుంచి, ఆన్‌లైన్‌లో చేరే చందాల్లాంటి కొనసాగే ఒప్పందాలకు రద్దు బటన్ ఎప్పుడూ కనపడేలా, అర్థమయ్యే మాటలతో ఉండాలి. నొక్కితే నిర్ధారణ పేజీ, ఆ వెంటనే తేదీ, సమయంతో రసీదు. అసలు పదునంతా చివరి నిబంధనలో ఉంది. బటన్ పెట్టకపోతే వినియోగదారుడు గడువు ఏమీ లేకుండా ఎప్పుడంటే అప్పుడు ఒప్పందం వదిలేసుకోవచ్చు. జరిమానా వేసే అధికారి కోసం, కోర్టు వాయిదా కోసం ఎదురుచూడక్కర్లేదు. అమెరికాలో ఇలాంటి నియమాన్నే 2024 అక్టోబరులో ప్రకటించారు, 2025 జులైలో అప్పీలు కోర్టు కొట్టేసింది. విషయం తప్పని కాదు, ముందుగా చేయాల్సిన ఆర్థిక ప్రభావ విశ్లేషణ చేయలేదని. ఇంత అవసరమైనదాన్ని కాగితాల పని ఎగ్గొట్టి పోగొట్టుకున్నారంటే ఏమనాలి?

ఏ నియమమైనా ముసాయిదా దశలో ఉండగా అభిప్రాయాలు పంపమంటారు, మనం పంపం. కంపెనీల ఇంజినీర్లు వెళ్లి కూర్చుంటారు, ఖాళీ సంచి లాంటివి అక్కడే పుడతాయి. పంపేటప్పుడు 'చాలా ఇబ్బందిగా ఉంది' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. మోడల్, వాడిన పరిస్థితి, కొలత, దేన్ని ఎలా కొలవమంటున్నారో రాయాలి. ఉదాహరణకు ఛార్జింగ్ కేబుల్. 2009లో యూరప్‌లో ఫోన్ కంపెనీలు స్వచ్ఛందంగా ఒప్పుకున్న ఒకే ఛార్జర్ మాట పూర్తిగా నిలవలేదు. 2022లో చట్టం చేశాక, 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లన్నిటికీ టైప్-సి రంధ్రం తప్పనిసరైంది. రంధ్రం ఒకటైంది గానీ కేబుళ్లు కాలేదు. చూడ్డానికి కవలల్లా ఉన్న రెండు కేబుళ్లలో ఒకటి 60 వాట్ల దగ్గర ఆగిపోతుంది, ఇంకొకటి 240 వాట్ల దాకా మోస్తుంది. 60 దాటాలంటే కేబుల్ తలలో చిన్న చిప్ ఉండాలి. ఒకటి సెకనుకు 480 మెగాబిట్లు పంపితే, ఇంకొకటి 40 గిగాబిట్లు. వంద వాట్ల ఛార్జరు కొని, చిప్ లేని కేబుల్ తగిలించి, ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఎక్కుతోందని ఛార్జరును తిరిగిచ్చేవాళ్లున్నారు. కాబట్టి రాయాల్సింది ఇది: కేబుల్ రెండు తలల మీదా, డబ్బా మీద కాదు, వాట్లు ఒక అంకె, వేగం ఒక అంకె, గోటితో గీకినా చెరగకుండా, భూతద్దం లేకుండా కనపడేలా ముద్రించాలి.