మందారం మీది పిండినల్లి గారికి

విజయవాడ, సత్యనారాయణపురం
ఆదివారం సాయంత్రం

పిండినల్లి గారికి నమస్కారాలు.

పైన ముత్తైదువలకి రాసే చి.ల.సౌ. అని రాయాలో, భర్త పోయినవాళ్ళకి రాసే గం.భా.స. అని రాయాలో తేలక పది నిమిషాలు ఆగాను. రెక్కలొచ్చాక మీ ఆయన ఉండేదే రెండు మూడు రోజులట. పైగా తినడానికి నోరుండదట, పసితనంలో పీల్చి దాచుకున్నదే ఆఖరిదాకా సరి. నోరు లేనివాళ్ళతో నాకు తగువు లేదు. ఈ ఉత్తరం మీకూ మీ పిల్లలకూ.

ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా, మేడ మీద ఎండలో, పాత టూత్‌బ్రష్షూ షాంపూ నీళ్ళూ పెట్టుకుని మీ సంసారాన్ని కొమ్మకొమ్మకీ తోమాను. తీరా దిగబోతూ చూస్తే, కుండీ పక్క దండెం మీద నా తెల్లచొక్కా. భుజం నిండా మీ బంక. రాత్రి పెళ్ళికి వేసుకోవాల్సిన చొక్కా అండీ అది!

మొక్క రసంలో చక్కెర బోలెడు, నత్రజని చిటికెడు. పిల్లలకి ఒళ్ళు పెరగాలన్నా, మీరు గుడ్లు పెట్టాలన్నా ఆ చిటికెడే కావాలి. అందుకని అది సరిపోయేదాకా తాగుతూ, మిగిలిన చక్కెర బంకగా వెనక నుంచి వదిలేస్తారు. బిర్యానీలో ముక్కలేరుకుని అన్నం విస్తట్లో వదిలేసే చుట్టాల్ని చూశాను. ఆ అన్నం పక్కవాడి భుజాన పోసేది మీరొక్కరే.

ఆ రసంలో దొరకని అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్లకి ముడిసరుకు, వండిపెట్టడానికి మీ ఒంట్లోనే బ్యాక్టీరియా. తల్లి నుంచి పిల్లకి, తరతరాలుగా అదే వంటమనిషి! మా ఇంట్లో ఆర్నెల్లు నిలవదు. ఇక ఆ తీపి కోసం మీకు కాపలా కాసే చీమలు, దాని మీద పట్టే నల్ల మసి... సరే, పోనీండి.

నన్ను దహించేది వేరే. మొగ్గలు రావట్లేదని పోయిన నెల చెంచాడు యూరియా వేసింది నేను. మళ్ళీ వారం ఇంకో చెంచా. రసంలో నత్రజని పెరిగింది. మొగ్గలు రాలేదు, నీకు పురుళ్ళొచ్చాయి! దూదిలాంటి సంచిలో వందల గుడ్లు, నా డబ్బుతో, నా చేత్తో. సిగ్గుండాలి. నీకు కాదులే, నాకు.

ఇట్లు,
నీకు యూరియా పెట్టినవాడు

తా.క. అమ్మ ఇప్పుడే చూసొచ్చింది. గసగసాల గింజంత పిల్లొకటి కుండీ దిగి, పిట్టగోడ మీదుగా పక్కింటి బొప్పాయి వైపు నడుస్తోందట. అటే వెళ్ళు తల్లీ, వాళ్ళు మొక్కకి బాగా పెడతారు.