ఇల్లరికం అల్లుళ్లకు ఒక మామ బహిరంగ లేఖ

చిరంజీవులైన ఎడమ అల్లుడికీ, కుడి అల్లుడికీ నల్లగొండ నుంచి మీ మామ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీరు నాకు ఆరడుగుల దూరంలోనే ఉన్నారు. అయినా ఉత్తరం రాస్తున్నానంటే కారణం ఉంది. స్పీకర్లతో మాట్లాడుతూ ఇప్పటికే ఒకసారి మీ అత్తగారికి దొరికిపోయాను. రెండోసారి దొరికితే ఆమె మా బావమరిదికి ఫోన్ చేస్తుంది.

సంబంధం కుదిరిన రోజు గుర్తుందా? 2017. పాత మలక్‌పేటలో ఒక మెట్ల కింద, తుప్పు పట్టిన కూలర్ పక్కన ఉన్నారు మీరు. 1970లలో సీమదేశం ఇంగ్లండ్‌లో పుట్టి, కువైట్‌లో పనిచేసిన ఒక పెద్దమనిషి వెంట ఓడెక్కి వచ్చారు. ఆయన పోయాక కొడుకులకు అడ్డమయ్యారు. మీ వంశం పేరు ఇక్కడ రాయను, పరువు గల ఇల్లు. టేకు రంగు ఒళ్లు, లోతు స్వరాలు పలికే 12 అంగుళాల ఉఫర్, గోధుమరంగు గుడ్డ ముసుగు. చూడగానే నేను ఖాయం చేసుకున్నాను. 18 వేలు ఇచ్చి తెచ్చుకున్నాను. నా బిడ్డ పేరు పాట. ఆమెను మీ చేతుల్లో పెడితే హాయిగా బతుకుతుందనుకున్నాను. ఒక్క బిడ్డకు ఇద్దరల్లుళ్లేందని బావమరిది వెక్కిరిస్తే "స్టీరియో" అన్నాను. ఆ మాటకు అర్థం అడిగే ధైర్యం వాడికి లేదు.

ఎల్బీనగర్‌లో బస్సెక్కించాను. ఒక్కొక్కరు 22 కిలోలు. కండక్టర్ చూసి "ఏందన్నా, బీరువాలా?" అన్నాడు. స్పీకర్లని చెప్పాను. "గియ్యేం స్పీకర్లే, మా ఊళ్ల మైక్‌సెట్టోడు సైకిల్ మీద తెస్తడు" అని రెండు లగేజీ టికెట్లు కొట్టాడు. చౌటుప్పల్ దాటేదాకా నేను నిలబడ్డాను. మీరు సీట్లో కూర్చున్నారు. నాకు అక్కడే అర్థం కావాల్సింది.

ఆ రాత్రి పాట పెట్టాను. పల్లవి కూడా పూర్తికాలేదు, ఉఫర్ చుట్టూ ఉండే ఫోమ్ నల్లటి అటుకుల్లా షాబాదు బండల మీద రాలింది. పాలీయురెథేన్ ఫోమ్ అంతే. గాలిలో తేమ, ఆక్సిజన్ కలిసి దాన్ని తినేస్తాయి. వాయించినా తింటాయి, మెట్ల కింద పడుకోబెట్టినా తింటాయి. 15, 20 ఏళ్లకు మించి నిలవదు. రబ్బరు అంచు ఉన్న వంశాల వాళ్లు ఇంకా గట్టిగానే తిరుగుతున్నారు. మీరేమో అత్తారింట్లో అడుగుపెట్టిన రోజే మంచం పట్టారు.

క్లాక్ టవర్ దగ్గరి సందులో మైక్‌సెట్ కాక ఉన్నాడు. నలభై ఏళ్లుగా పీర్ల పండుగకు, వినాయక చవితికి, చెరువుగట్టు జాతరకు హారన్లు కట్టిన మనిషి. మిమ్మల్ని చూసి, "సారూ, ఇంట్ల పాత ఎక్స్‌రే ఉందా?" అని అడిగాడు. ఉంది, మా అమ్మ మోకాలిది. కాక దాన్ని సన్నటి ముక్కలుగా కత్తిరించాడు. ఉఫర్ గరాటును, అంటే కోన్‌ను, కదిపే తీగ చుట్ట వాయిస్ కాయిల్. అది అయస్కాంతం సందులో సరిగ్గా నడుమ నిలబడాలి, ఏ పక్కకు ఒరిగినా గీసుకుని గరగరమంటుంది. అందుకని సందు చుట్టూ ఆ ఫిల్ము ముక్కలు దోపి, కోన్ కదలకుండా పట్టి, కొత్త ఫోమ్ జిగురుతో అతికించి, ఆరినాక ముక్కలు లాగేశాడు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి బిగుసుకుపోయిన మోకాలు అది. ఏ డాక్టరూ దాన్ని సరిచేయలేకపోయాడు. మీకు మాత్రం నడుము నిలబెట్టింది. బిల్లు 1,600.

అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ అల్లుళ్లన్నాక పండుగకు ఏదో ఒకటి పెట్టాలి కదా!

మొదటి దసరాకు కెపాసిటర్లు పెట్టాను. ఉఫర్‌కు ఏం పోవాలి, సన్న స్వరాలు పలికే ట్వీటర్‌కు ఏం పోవాలి అని పంచిపెట్టే క్రాస్ఓవర్‌లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి. నలభై ఏళ్లకు అవి లోపల ఎండిపోతాయి. ఇది అబద్ధం కాదు, మార్చాల్సిందే. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి. ఈ పనికి కాక ఎందుకనుకున్నాను. కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి పాలీప్రొపిలీన్‌వి తెచ్చాను. తీసేసినవి చిటికెన వేలంత ఉంటే కొత్తవి మక్కకంకులంత ఉన్నాయి. పెట్టగానే ట్వీటర్ గొంతు కీచుమంది, ఎందుకంటే పాత కెపాసిటర్‌లో ఉన్న కాస్త నిరోధం కూడా ట్వీటర్‌ను అణిచి ఉంచేది. దానికి మళ్లీ ఒక ఓం రెసిస్టర్ వేశాను. ఆ రాత్రి మీ పొట్టలు మూసి స్క్రూలు బిగిస్తుంటే నన్ను మించిన మామ ఈ జిల్లాలో లేడనిపించింది.

మర్నాటి నుంచి బేస్ మాయమైంది. డోలు కొడితే అట్టపెట్టె కొట్టినట్టుంది.

నేరం ఆంప్లిఫయర్ మీద మోపాను. 50 వాట్లది అమ్మేసి 100 వాట్లది తెచ్చాను. డీఏ బకాయిలు దానికే పోయాయి. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్. క్లాసులో ఈ లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి నేను నిలబెడతాను. వాట్లే మీ తిండి, పాపం, ఆ తిండి విషయంలో మీ తప్పు లేదు. మీది గాలి చొరని మూత పెట్టె. లోపలి గాలినే స్ప్రింగులా వాడుకునే ఈ పద్ధతిని ఎడ్గర్ విల్చర్ 1954లో అకౌస్టిక్ రీసెర్చ్ వారి ఏఆర్-1తో బజారుకు తెచ్చాడు. చిన్న పెట్టెలో లోతైన గొంతు దొరికింది. బదులుగా ఆకలి పెరిగింది. చిన్న ఒళ్లు, లోతు గొంతు, తక్కువ తిండి... మూడూ ఒక్క అల్లుడిలో దొరకవు. ఇంజినీర్లు దీన్ని హాఫ్‌మన్ ఇనుప సూత్రం అంటారు, మా అమ్మ తలరాత అంటుంది. ఒక్క వాటుకు మీటరు దూరంలో మీరు చేసే చప్పుడు 86 డెసిబెల్స్. 100 చేరాలంటే మీకు 25 వాట్లు పొయ్యాలి. జాతరలో కాక హారన్ ఒక్క వాటుకే 100 దాటుతుంది. కండక్టర్ అన్నది నిజమే.

తర్వాతి దసరా వైరుది. 9 వేలు, బంగారు పూత పిన్నులతో. మీ ఒక్కొక్కరికి మూడు మీటర్లు. ఇంట్లో గోడల్లో తిరిగే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వాడినా, పోను రాను ఆరు మీటర్లకు నిరోధం 0.05 ఓం కూడా ఉండదు. ముందున్నది 8 ఓంల మీరు. పొద్దున పదింటికి బోర్డు మీద ఓం నియమం రాసి, సాయంత్రం ఆరింటికి ఆ వైరు కొన్నాను. కరెంటు మా ఇంటిదాకా కోతులు ఊగే అల్యూమినియం తీగల మీద వచ్చి, ఆఖరి మూడు మీటర్లకు బంగారు పల్లకి ఎక్కుతుంది.

మధ్యలో ఆల్నికో దిగులొకటి. పాత టానాయ్ కంపెనీ స్పీకర్లలో ఆల్నికో అనే మిశ్రలోహపు అయస్కాంతాలట, ఆ తీపి ఫెర్రైట్ అనే ఇంకో రకం అయస్కాంతంలో రాదట. ఆల్నికోకు కోబాల్ట్ కావాలి. 1978లో కాంగో గనుల ప్రాంతం షాబాలో యుద్ధం వచ్చి కోబాల్ట్ ధర ఆకాశానికంటింది. స్పీకర్లు చేసేవాళ్లు చాలామంది ఫెర్రైట్‌కు మారిపోయారు. మీలో ఉన్నది ఫెర్రైట్ అని తెలిసిన రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు. కాంగోలో యుద్ధానికి నల్లగొండలో ఒక పూట పస్తు.

సరే, అసలు అవమానానికి వస్తాను.

వినాయక చవితికి మా వీధి మంటపానికి మైక్ కట్టడానికి వచ్చిన కాక చాయ్ తాగడానికి ఇంట్లోకి వచ్చాడు. మీరు అప్పుడు పాడుతున్నారు. గ్లాసు పట్టుకుని ఇటు జరిగాడు, అటు జరిగాడు, తల వంచి విన్నాడు. గోడ గడియారం దింపి అందులోంచి పెన్సిల్ సెల్లు తీశాడు. నా 9 వేల వైరు పీకేసి, మీ వెనకాల ఎర్ర పిన్నుకు సెల్లు ప్లస్సు, నల్ల పిన్నుకు మైనస్సు ఆనించాడు. కుడి అల్లుడి కోన్ ముందుకొచ్చింది. ఎడమ అల్లుడిది వెనక్కి పోయింది.

"సారూ, సడ్డకులకు పడతలేదు," అన్నాడు కాక.

"అంటే?"

"ఒకడు ముందుకొస్తుంటే ఇంకొకడు ఎనక్కి పోతుండు. ఒకడు గాలి నూకుతుంటే ఒకడు గుంజుతుండు. ఇగ బేసేడికెల్లొస్తది? లోపల ఉఫర్ వైర్లు ఉల్టా ఏసిండ్రు. ఎవడేసిండు సారూ?"

నేను గడియారం వైపు చూశాను. అది ఆగిపోయి ఉంది.

"ఎవడో పనిరానోడు," అన్నాను.

లోపల మీ అత్తగారు కిందామీదా పడి దగ్గుతోంది. అది దగ్గు కాదు.

దాదాపు ఇరవై మూడు నెలలు. అన్ని నెలలూ మీ ఇద్దరూ ఒకరి మాట ఒకరు కొట్టేసుకుంటుంటే నేను మధ్యలో కూర్చుని ఆంప్లిఫయర్లు మార్చాను. ట్వీటర్లు బాగానే ఉండటంతో గొంతులు, వేణువులు మామూలుగా వినిపించేవి, అందుకే అనుమానం రాలేదు. పైగా నేను వినే పాటల్లో ఎక్కువ భాగం మోనో. స్టీరియో ఎల్పీ రికార్డులు బజారుకు వచ్చిందే 1958 ప్రాంతంలో, మన సినిమా పాట ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఒంటి గొంతుతోనే నడిచింది. అంటే ఒక అల్లుడు చెప్పిందే రెండో అల్లుడు చెప్పాలి, అంతకు మించి మీకు పని లేదు. ఆ ఒక్క పనిలోనూ మీ చేత ఎదురు మాట్లాడించాను.

కాక వైర్లు తిప్పి కలిపాడు. బేస్ వచ్చింది. వచ్చి ఊరుకుందా? ఒక్కో స్వరం దగ్గర గది మొత్తం గుమ్మని మూలిగేది. ఈసారి తప్పు మీది కాదు, గదిది. పొడవు 12 అడుగులు. ఆ రెండు గోడల నడుమ సరిగ్గా సగం అల ఇమిడే శబ్దం 47 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. గోడకు ఆనుకుని కూర్చున్నవాడి చెవుల మీద అది బస్తాలా పడుతుంది. నా కుర్చీ గోడకు ఆనుకునే ఉంది. ఆ 47 అనేది 20 డిగ్రీల వేడిలో లెక్క. మేలో 44 డిగ్రీలు కొట్టినప్పుడు శబ్దం సెకనుకు 357 మీటర్లు ఉరుకుతుంది, కాబట్టి ఆ మూలుగు 49కి జరుగుతుంది. మా నల్లగొండ ఎండకు చప్పుడు కూడా నీడ వెతుక్కుంటూ పరుగెడుతుంది.

ఒక సబ్‌ఊఫర్, గోడలకు నురుగు పలకలు, కొలిచే మైకు... ఇట్లా జాబితా రాసుకుంటున్నాను. ఇంతలో తిప్పర్తి నుంచి ఏడాది బియ్యం వచ్చాయి. పెట్టడానికి వేరే చోటు లేదని అమ్మ ఆరు బస్తాలూ నా వెనక గోడకు పేర్పించింది, కుర్చీని నాలుగడుగులు ముందుకు తోయించింది. మూలుగు సగానికి సగం తగ్గింది. గోడ దగ్గర ఒత్తిడి ఎక్కువ, గది నడుమకు వచ్చేకొద్దీ తగ్గుతుంది. ఇంటర్ పుస్తకంలో గొట్టంలో గాలి గురించిన పాఠం అదే. అమ్మ ఆ పాఠం చదవలేదు.

అల్లుళ్లారా, మీ మీద నా ఫిర్యాదు డబ్బు గురించి కాదు. చిట్టీ ఎత్తింది మీకోసమేనని మీ అత్తగారికి తెలియదు కాబట్టి ఆ మాట ఇక్కడే వదిలేద్దాం. నా బిడ్డ సంగతి చెప్పండి. ఇన్నేళ్లలో ఆమెను నేను కంటినిండా చూసుకున్నది ఎప్పుడు? పల్లవి కాగానే లేచి వైరు మారుస్తాను. మళ్లీ పల్లవి. మిమ్మల్ని రెండంగుళాలు లోపలికి తిప్పుతాను. మళ్లీ పల్లవి. చరణం ఎట్లా ఉంటుందో వంటింట్లో ఉన్న మీ అత్తగారి సెల్‌ఫోన్‌లోంచి వినాల్సి వచ్చింది. ఆ ఫోన్‌లో బేస్ లేదు, ట్రెబుల్ లేదు, కుక్కర్ విజిల్ మాత్రం ఉంది. అయినా మీ అత్తగారు పాట చివరిదాకా పాడుతూనే ఉంది.

బియ్యం దించిన రోజు సాయంత్రం మాత్రం, కుర్చీ కొత్త చోట ఉందన్న సంగతి మరిచిపోయి, ఒక పాట మొత్తం విన్నాను. లేవలేదు. రెండో చరణం ముందు వాయులీనాల వెనక ఎవరో చిన్నగా ఊపిరి పీల్చుకున్నారు. అది ఆ ఫోన్‌లో లేదు. ఈ ఒక్క సంగతి మీ ఖాతాలో రాసుకోండి.

ఇక ఈ దసరా. మీ చూపు దేని మీద ఉందో నాకు తెలుసు. కొనలకు బంగారు పూత ఉన్న ఇంకో వైరు, అది ఆంప్లిఫయర్‌కూ గోడకూ మధ్యన. ఇవ్వను. పాలపిట్టను చూసి, జమ్మిచెట్టు దగ్గరికి పోయి వచ్చి, మీ ఇద్దరి నెత్తిన చెరొక జమ్మి ఆకు పెడతాను. మా దగ్గర దాన్నే బంగారం అంటారు. ఆనవాయితీ ప్రకారం చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాలి. మీకు చేతుల్లేవని నేనే పెడుతున్నాను. మొక్కు మాత్రం బాకీ.

ఇట్లు,
మీ మామ

తా.క.: ఎడమ అల్లుడి నెత్తిన మీ అత్తగారు పెట్టిన బతుకమ్మ పళ్లెం సద్దుల రోజు దాకా అక్కడే ఉంటుందట. తంగేడు పూలు రాలితే కాస్త ఊదుకో, 12 అంగుళాల ఉఫర్ ఉంది కదా. కుడి అల్లుడు అలగొద్దు. నీకు వచ్చే ఏడు.