దుమ్ము లెక్క ఎవరి చేతిలో ఉండాలి?

(గోదావరి లోయలోని ఒక భూగర్భ బొగ్గు గని. సేఫ్టీ కమిటీ సమావేశంలో కార్మిక ప్రతినిధికీ, వెంటిలేషన్ అధికారికీ మధ్య వాదం.)

ప్రతినిధి: సార్, ఆర్నెల్లకోసారి గాలిలో దుమ్ము నమూనా తీసి 'పరిమితిలోనే ఉంది' అని రిజిస్టరులో రాస్తున్నారు. మిగతా రోజుల్లో మేం పీల్చినదానికి లెక్క ఎవరు రాస్తారు? కంటిన్యువస్ మైనర్ (బొగ్గును ఆగకుండా కోసే మెషిన్) ఆపరేటర్ నడుముకు దుమ్ము కొలిచే మానిటర్ కట్టండి. షిఫ్టు నడుస్తుండగానే అంకె అతనికి కనిపించాలి.

అధికారి: ఆర్నెల్లు గరిష్ఠ గడువు మాత్రమే, అన్నా. కొలత పరిమితిలో సగం దాటితే మూడు నెలలకే మళ్లీ తీయాలి. ముప్పావు దాటితే నెలకే తీయాలి.

ప్రతినిధి: నిబంధన మంచిదే. నమూనా తీసే రోజు నీటి స్ప్రేలన్నీ పనిచేస్తాయి, గాలిని మళ్లించే బ్రాటిస్ గుడ్డ ఫేస్ దాకా, అంటే బొగ్గు కోసేచోటు దాకా కట్టి ఉంటుంది. మర్నాడు నాజిల్ పూడుకుపోతే ఎవరికి పట్టింది? టన్నులు తగ్గకూడదని మెషిన్ అలాగే కోసుకుపోతుంది.

అధికారి: నాజిల్ పూడుకుపోయిందని చెప్పడానికి మానిటర్ ఎందుకు? మెషిన్ కోత డ్రమ్ము ముందు తుంపర ఒకవైపు పలచబడితే ఆపరేటర్ కంటికే తెలుస్తుంది. ఆ డబ్బు నీటి పీడనం పెంచడానికి, ఫిల్టర్లకు, సహాయక ఫ్యానుకు పెడదాం. దుమ్మును పుట్టినచోటే అణచాలి. కొలిచినంత మాత్రాన అది తగ్గదు.

ప్రతినిధి: కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగి నల్లటి కళ్లెగా బయటికి వస్తుంది సార్. ఐదు మైక్రాన్ల లోపుది కనిపించదు. ఊపిరితిత్తుల చివర ఉండే వాయుగోణుల దాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది. గాలి తేటగా ఉందనుకుంటూనే పీలుస్తాం. దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు న్యూమోకోనియోసిస్ పట్టాక నయం చేసే మందు లేదు.

అధికారి: అందుకే కదా మాస్కులు ఇస్తున్నది.

ప్రతినిధి: ఆ వేడిలో, చెమటకు తడిసిన మాస్కులోంచి షిఫ్టంతా ఊపిరి తీసి చూడండి. పైకప్పు కదిలిందని పక్కవాడికి అరిచి చెప్పాలంటే దాన్ని కిందికి లాగాల్సిందే.

అధికారి: మాస్కు చివరి రక్షణేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ అమెరికాను చూడండి. మీరడిగే మానిటర్లు ఎక్కువ దుమ్ములో పనిచేసేవారికి 2016లోనే తప్పనిసరి చేశారు. ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములున్న పరిమితిని అదే ఏడాది 1.5కు దించారు. అయినా అక్కడి బొగ్గు గనుల ప్రాంతం మధ్య అప్పలాచియాలో 25 ఏళ్లకు పైగా పనిచేసినవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఆ జబ్బు ఉందని 2018లో తేలింది.

ప్రతినిధి: రెండేళ్లలో వచ్చే జబ్బా అది? మానిటర్ లేని పాతికేళ్లలో పీల్చింది అప్పుడు బయటపడింది. అక్కడ బొగ్గు పొరలు పలచబడి, రాయిని కూడా కలిపి కోశారు. రాయితోపాటు ఊపిరితిత్తులకు మరింత హాని చేసే సిలికా దుమ్ము వచ్చింది. మనం బొగ్గు తీస్తున్న ప్యానెల్‌లోనూ మధ్యలో రాతి పట్టీ ఉంది. సిలికా 5 శాతం దాటితే మన 2 మిల్లీగ్రాముల పరిమితి కూడా తగ్గాలని నిబంధనల్లోనే ఉంది. ఈ ప్యానెల్‌లో సిలికా శాతం చూశారా?

అధికారి: ఇంకా లేదు. ఈ వారమే నమూనా ల్యాబ్‌కు పంపిస్తాను. మానిటర్ సంగతికి వస్తే, అంకె పెరిగిందని ఆపరేటర్‌కు తెలుస్తుంది సరే, మెషిన్ ఆపే అధికారం లేనివాడికి ఆ అంకె భయం తప్ప ఏమిస్తుంది?

ప్రతినిధి: ఆ అధికారం కూడా ఇవ్వండి. అంకె పరిమితి దాటితే ఆపరేటర్ మెషిన్ ఆపవచ్చని, ఆపినందుకు మెమో ఇవ్వకూడదని తీర్మానంలో రాయండి.

అధికారి: దానికి మేనేజర్ ఒప్పుకోవాలి.

ప్రతినిధి: మేనేజర్‌ను ఇక్కడికే పిలవండి. అప్పటిదాకా మినిట్స్ మీద మేం సంతకం పెట్టం.