మేనమామల ఊళ్లో బిషప్

బోస్నియా, హెర్జెగోవినా పల్లెల్లో కేథలిక్కులు ఫ్రాన్సిస్కన్ అనే సన్యాసుల సభకు చెందిన తమ గురువుల్ని (చర్చి పూజారుల్ని) 'ఉయాక్' అని పిలిచేవారు. అంటే మేనమామ. తుర్కుల కాలంలో ఇంటికి వచ్చినవాడు సన్యాసి అని బయటపడకుండా 'మామ వచ్చాడు' అనేవాళ్లని చెబుతారు. కారణం ఏదైనా పిలుపు మాత్రం స్థిరపడిపోయింది. హెర్జెగోవినాలోని మొస్తార్-దువ్నో మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) చరిత్రను పోపుల ఉత్తర్వుల కన్నా ముందు ఈ పిలుపు నుంచి చదవాలని నాకనిపిస్తుంది.

ఆ మేత్రాసనం పేరు తెలియనివాళ్లకు కూడా అందులోని ఒక ఊరు తెలుసు: మెజుగోర్యే. 1981 జూన్ 24న ఆరుగురు పిల్లలు మరియమాతను చూశామన్న ఊరు. నిజంగా చూశారా అన్నది తేల్చడం నా పని కాదు. కానీ ఆ దర్శనాల మీద స్థానిక బిషప్‌లు దాదాపు నలభై ఏళ్లు ఎందుకు మండిపడ్డారో తెలియాలంటే, దర్శనాల కన్నా పాత తగాదా ఒకటుంది. విచారణలు, అంటే ఒక్కో గుడి కిందికి వచ్చే ఊళ్లు, ఎవరివి? బిషప్‌వా, సన్యాసులవా?

1463లో బోస్నియా, తుర్కుల సుల్తాన్ రెండో మెహ్మద్ చేతికి చిక్కింది. ఆంజెయో జ్విజ్దోవిచ్ అనే ఫ్రాన్సిస్కన్ సుల్తాన్‌ను కలిసి తన మనుషులకు అభయపత్రం సంపాదించాడు. ఫోయ్‌నిత్సా మఠంలో దాన్ని ఇప్పటికీ చూపిస్తారు. కొద్ది కాలానికే హెర్జెగోవినా కూడా తుర్కుల వశమైంది. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లపాటు బాప్తిస్మం ఇచ్చినా, పెళ్లి చేసినా, పాతిపెట్టినా ఫ్రాన్సిస్కన్లే. బిషప్ అంటే ఎక్కడో దూరాన ఉండే పెద్దమనిషి.

1878లో ఆస్ట్రియా-హంగరీ సైన్యం వచ్చింది. మూడేళ్లకు, 1881లో, పోపు పదమూడో లియో సరయేవోను అగ్రపీఠంగా, మొస్తార్‌ను దాని కింద మేత్రాసనంగా ప్రకటించారు. ఇదే పోపు మరో ఐదేళ్లకు, 1886లో, హైదరాబాదు, విశాఖపట్నం మేత్రాసనాల్ని కూడా ఏర్పాటు చేశారు. మన దగ్గర అప్పటికే పని చేస్తున్న మిషనరీ సభల నుంచే తొలి బిషప్‌లు వచ్చారు కాబట్టి గొడవ రాలేదు. నిజానికి మొస్తార్‌లోనూ మొదట అంతే. తొలి బిషప్ పాష్కల్ బుత్సోన్యిచ్, ఆయన తర్వాత అలోయ్‌జియె మిషిచ్, ఇద్దరూ ఫ్రాన్సిస్కన్లే. 1899లో విచారణల పంపకం కాగితం మీదికి ఎక్కినా, బిషప్ కుర్చీలో తమవాడే ఉండటంతో సన్యాసులకు అది పెద్దగా నొప్పి కలిగించలేదు. 1942లో పెతార్ చులే వచ్చాడు. ఏ సన్యాసుల సభకూ చెందని, నేరుగా మేత్రాసనం కింద పనిచేసే గురువు బిషప్ కావడం అక్కడ అదే మొదటిసారి. అప్పుడు ఇల్లు పరాయివాళ్ల పాలైనట్టు అనిపించింది.

అది యుద్ధకాలం కూడా. 1941 ఆగస్టులో ఉస్తాషాలనే క్రొయేషియన్ ఫాసిస్టులు సెర్బ్ ఆడవాళ్లను, పిల్లలను షుర్మాంత్సి దగ్గర లోతైన కొండగోతిలోకి తోసి చంపారు. షుర్మాంత్సి మెజుగోర్యే విచారణలోని గ్రామమే. యాత్రికుల బస్సుల్లో ఈ సంగతి ఎంతమంది చెబుతారో! బిషప్ మిషిచ్ మాత్రం ఊరుకోలేదు, ఆ ఏడాదే జాగ్రెబ్ అగ్రపీఠాధిపతికి ఈ ఘోరాల గురించి ఉత్తరం రాశాడు. 1945 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టిజాన్లు షిరోకి బ్రియెగ్ మఠంలోని సన్యాసుల్ని కాల్చి చంపారు. ఆ యుద్ధంలో హెర్జెగోవినా ఫ్రాన్సిస్కన్లు అరవై మందికి పైగా పోయారు. దాంతో మామలు కాస్తా అమరులయ్యారు.

ఈ రక్తం ఆరకముందే అన్నట్టు, 1975లో పోపు ఆరో పాల్ ఫలానా విచారణల్ని బిషప్‌కు అప్పగించాలని తేల్చి చెప్పారు. చట్టప్రకారం రోమ్‌ది తప్పు అనలేం. బిషప్‌కు తన మేత్రాసనంలో గురువుల్ని నియమించే హక్కు లేకపోతే ఇక ఆ పదవి దేనికి? కానీ నాలుగు వందల ఏళ్ల బంధుత్వం ఉత్తర్వుతో బదిలీ అవుతుందని ఎలా అనుకున్నారో!

1980లో పావావో జానిచ్ బిషప్ అయ్యాడు. మొస్తార్ పట్టణ విచారణలో ఇద్దరు యువ సన్యాసులు విడిచి వెళ్లేది లేదని మొండికేశారు. మరుసటి ఏడు దర్శనాలు మొదలయ్యాయి. మొదట్లో జానిచ్ పిల్లల పట్ల సానుభూతిగానే ఉన్నాడు. ఆ ఇద్దరి తప్పేమీ లేదని, బిషప్ తొందరపడ్డాడని మరియమాతే చెప్పిందంటూ కబురు వచ్చాక వ్యవహారం మారిపోయింది. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. స్టాఫ్ ట్రాన్స్‌ఫర్ గొడవలో దేవమాత జోక్యం చేసుకుంటుందా? అలాగని పిల్లలు కావాలని కల్పించారని దీనితో రుజువైపోదు. సన్యాసుల ఒళ్లో పెరిగిన పిల్లల చెవికి ఏ మాట సోకినా అది వాళ్ల పక్షాన్నే వినిపించేది.

1993లో వచ్చిన రాత్కో పెరిచ్ అదే పట్టు పట్టాడు. ఫ్రాన్సిస్కన్ల వైపు మొండితనం అంతకు మించింది. చాప్లినాలో కొత్త గురువు అడుగుపెట్టకుండా గుడి తలుపుకు ఇటుకలు కట్టేశారు. 2001లో అయితే, సభ నుంచి వెలివేతకు గురైనవాళ్లు అసలు బిషప్పే కాని మనిషిని పిలిపించి, వందల మంది పిల్లలకు భద్రమైన అభ్యంగనం (బాప్తిస్మాన్ని స్థిరపరిచే సంస్కారం, మామూలుగా బిషప్ ఇచ్చేది) ఇప్పించారు. ఇక్కడ నా సానుభూతి ఆగిపోతుంది. మామ అనిపించుకున్నవాడు పిల్లలకు ఉత్తుత్తి సంస్కారం ఇప్పిస్తాడా?

చివరకు రోమ్ చేసింది చూడండి. బిషప్‌నూ గెలిపించలేదు, సన్యాసుల్నీ ఓడించలేదు. పోలండ్‌కు చెందిన హెన్రిక్ హోసర్‌ను ముందు పరిశీలనకు పంపి, 2018లో మెజుగోర్యే విచారణకు తన ప్రత్యేక ప్రతినిధిగా పెట్టింది. 2019లో అధికారిక యాత్రలకు అనుమతి ఇచ్చింది. 2024 సెప్టెంబర్ 19న భక్తికి అభ్యంతరం లేదంది, దర్శనాలు దైవికమేనని మాత్రం అనలేదు. విచారణ ఫ్రాన్సిస్కన్ల చేతిలోనే ఉంది. మేత్రాసనం పటంలో మెజుగోర్యే ఇప్పటికీ మొస్తార్ బిషప్ కిందే కనిపిస్తుంది. అక్కడి యాత్రికుల వ్యవహారం మాత్రం పోపు ప్రతినిధి చూసుకుంటాడు.