కొట్టాలా, ఆగాలా?

2025 జులై, ఇంగ్లండ్‌తో లార్డ్స్ టెస్టు చివరి రోజు. లక్ష్యం 193, క్రీజులో జడేజా, ఆఖరి వికెట్ సిరాజ్. టెన్షన్‌తో నా అరచేతులు చెమటలు పట్టేశాయి. మా బాబాయ్‌కీ పక్కింటి అంకుల్‌కీ మాత్రం చర్చావేదిక!

"ఎత్తి కొట్టమనండి!"

"వద్దండీ, సింగిల్ తీసి స్ట్రైక్ ఉంచుకోవాలి."

ఫీల్డర్లంతా బౌండరీ దగ్గరున్నారు కదా బాబాయ్ అంటే, "నీకేం తెలుసు, నువ్వాగరా." ఈయనేదో రంజీ ఆడినట్టు!

అంకుల్ లేచి, టీవీకి అడ్డంగా నిలబడి, చపాతీ కర్రతో డిఫెన్స్ ఎలా ఆడాలో చూపిస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఇంగ్లండ్ స్పిన్నర్ బషీర్ బంతిని సిరాజ్ చక్కగా ఆపాడు, అది వెనక్కి దొర్లి వికెట్లను తాకింది. 22 పరుగుల తేడాతో ఓటమి.

నాకు కనిపించింది అంకుల్ బనియన్ ఒక్కటే. రీప్లే చూద్దామంటే, "నే ముందే చెప్పానా?" అంటూ మళ్లీ మొదలు.